సైకిల్ పుల్లలు చప్పుడు చేస్తే



మనలో చాలామందికి సైకిల్ తెలుసు. కొందరు తొక్కుతారు. కొందరి ఇంట్లో కొడుకో కూతురో తొక్కుతారు. పాలు పొయ్యడానికి, కూరగాయలు అమ్మడానికి, పిల్లను బడిలో దింపడానికి, ఆసుపత్రికి వెళ్లడానికి సైకిల్ కావాలి. దానికి పెట్రోలు అక్కర్లేదు. గడ్డి వెయ్యనక్కర్లేదు. కాస్త గాలి, కాస్త నూనె, కాస్త కనిపెట్టి చూసే కన్ను ఉంటే చాలు.

ఆవుకు జబ్బు చేస్తే మేత మానేస్తుంది. చంటిపిల్లకు నొప్పి వస్తే ఏడుస్తుంది. సైకిల్‌కు నోరు లేదు. అయినా అది చెప్పేది చెబుతుంది. చప్పుడు చేసి చెబుతుంది.

"కిర్ కిర్", "టిక్ టిక్" అని చక్రంలో చప్పుడు మొదలైందా? "పాత సైకిల్ గదా, అంతేలే" అని వదిలెయ్యకండి. ఆ చప్పుడు చాలాసార్లు పుల్లల్లోంచి వస్తుంది. వదులైన పుల్ల ఒకనాడు విరుగుతుంది. దాని బరువు పక్క పుల్లల మీద పడుతుంది. అవీ వదులవుతాయి. చక్రం వంకర పోతుంది. నెత్తిన ఎండ, వెనక బుట్ట, ముందు పసిపిల్ల ఉన్న వేళ నడిరోడ్డు మీద చక్రం మొరాయిస్తే ఏం చేస్తాం?

ఈ పాఠంలో మూడు సంగతులు నేర్చుకుందాం.
1. చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టడం.
2. మన చేతనయిన మరమ్మతు మనమే చేసుకోవడం.
3. ఎప్పుడు షాపుకు వెళ్లాలో, అక్కడ ఏమని చెప్పాలో తెలుసుకోవడం.

చక్రంలో ఏమేం ఉంటాయి?

సైకిల్ దగ్గరకు వెళ్లండి. చక్రం పక్కన కూర్చోండి. ఒక్కొక్కటీ చేత్తో తాకి చూడండి.

చక్రం నడిమధ్యన ఉన్నది హబ్బు. దాని లోపల ఇరుసు ఉంటుంది. ఇరుసు చుట్టూ చిన్న చిన్న ఇనప గుళ్లు ఉంటాయి. చక్రం నున్నగా తిరిగేది ఆ గుళ్ల వల్లే.

బయట గుండ్రంగా ఉన్న ఇనప కట్టు రిమ్ము. రిమ్ము మీద ట్యూబు, టైరు ఉంటాయి.

హబ్బు నుంచి రిమ్ముకు సాగిన సన్నటి తీగలు పుల్లలు. కొన్ని ఊళ్లలో చువ్వలు అంటారు. షాపువాళ్లు స్పోకులు అని కూడా అంటారు. మాట ఏదైనా వస్తువు ఒక్కటే.

పుల్లకు ఒక కొసన వంపు ఉంటుంది. ఆ వంపు హబ్బు చిల్లులో దూరి ఉంటుంది. రెండో కొసన మరలు ఉంటాయి. ఆ మరల మీద చిన్న మూతలాంటిది బిగించి ఉంటుంది. దాని పేరు నిప్పిల్. పుల్లను బిగించాలన్నా వదులు చెయ్యాలన్నా ఈ నిప్పిల్‌నే తిప్పాలి.

ఇప్పుడు లెక్కపెట్టండి. మన ఊళ్లలో తిరిగే పెద్ద సైకిళ్లకు సాధారణంగా ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. కొన్ని సైకిళ్లకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. వెనక ఎందుకు ఎక్కువ? తొక్కే మనిషి బరువు, క్యారియర్ మీద మూట బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడతాయి. అందుకే వెనక పుల్లలే ముందుగా వదులవుతాయి. ముందుగా విరిగేవీ అవే.

పుల్లలు రెండు వైపులుగా ఉంటాయి. ఒకటి హబ్బు కుడి అంచుకు వెళితే, పక్కది ఎడమ అంచుకు వెళుతుంది. కుడి పుల్లలు రిమ్మును కుడికి లాగుతాయి. ఎడమ పుల్లలు ఎడమకు లాగుతాయి. రెండు వైపులా సమానంగా లాగితేనే చక్రం సూటిగా తిరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

బండి చక్రం వేరు, సైకిల్ చక్రం వేరు

ఎద్దుబండి చక్రానికి కొయ్య ఆకులు ఉంటాయి. అవి లావుగా ఉంటాయి. కింద ఉన్న ఆకు స్తంభంలాగా నిలబడి బరువు మోస్తుంది.

సైకిల్ పుల్ల అట్లా నిలబడలేదు. అది అగ్గిపుల్లంత లావు కూడా లేని తీగ. నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. మరి ఇంత బరువు ఎట్లా మోస్తోంది?

నులకమంచాన్ని చూడండి. నులకతాడుకు బలం ఎక్కడిది? బిగించి లాగడం వల్ల వచ్చింది. తాళ్లన్నీ బిగువుగా ఉంటే మంచం మీద ఇద్దరు కూర్చున్నా ఏమీ కాదు. నాలుగు తాళ్లు వదులైతే? మంచం కుంగుతుంది. కిర్రుమంటుంది. తాళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుని తెగుతాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? నులక బిగిస్తాం.

సైకిల్ చక్రం కూడా అంతే. పుల్లలన్నీ బిగువుగా లాగి పట్టుకుంటేనే చక్రానికి బలం.

పుల్ల ఎందుకు చప్పుడు చేస్తుంది?

చక్రం తిరిగేటప్పుడు నేల వైపుకు వచ్చిన పుల్లల బిగువు కాస్త తగ్గుతుంది. పైకి పోగానే మళ్లీ బిగువు వస్తుంది. బిగువుగా ఉన్న పుల్లకు దీనివల్ల నష్టం లేదు. కానీ ముందే వదులుగా ఉన్న పుల్ల సంగతి వేరు. కిందికి వచ్చినప్పుడు అది పూర్తిగా జారిపోతుంది. పైకి పోయేటప్పుడు గుంజుకుంటుంది. అట్లా గుంజుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది.

రెండు పుల్లలు ఒకదాని మీద ఒకటి దాటే చోట ఒరుసుకుంటాయి. అక్కడ దుమ్ము, తుప్పు చేరితే కిర్రుమంటుంది.

పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే సుమారు రెండుంబావు మీటర్లు నడుస్తుంది. అంటే ఒక కిలోమీటరుకు చక్రం సుమారు 450 సార్లు తిరుగుతుంది. వదులు పుల్ల కూడా 450 సార్లు జారి, 450 సార్లు గుంజుకుంటుంది. సన్న తీగను అటూ ఇటూ పదే పదే వంచితే ఏమవుతుంది? వేడెక్కి పుటుక్కున తెగుతుంది. పుల్ల కూడా ఇట్లాగే అలిసిపోయి విరుగుతుంది. ఎక్కువసార్లు హబ్బు దగ్గర వంపు ఉన్న చోటే విరుగుతుంది.

కాబట్టి పుల్లను విరిచేది బిగువు కాదు. వదులే.

ఇద్దరు తోడికోడళ్ల మాటలు

ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఉన్నారనుకుందాం. పెద్ద కోడలు పక్క ఊళ్లకు సైకిల్ మీద ఆకుకూరలు తీసుకెళ్లి అమ్ముతుంది. చిన్న కోడలు సాయంత్రం చదువుకు వస్తుంది.

చిన్న కోడలు: ఏందక్కా, సైకిల్ కిర్రుకిర్రుమంటా ఉంది? నువ్వు వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోకి వినబడతా ఉంది.

పెద్ద కోడలు: నాలుగు రోజుల నుంచి ఇదే గోల చెల్లే. చైనుకు నూనె పోశాను. తగ్గలేదు. మీ బావను చూడమంటే "తీరికైనప్పుడు చూస్తాలే" అన్నాడు. ఆయనకు తీరిక ఎప్పుడు రావాల?

చిన్న కోడలు: మనమే చూద్దాం. నువ్వు తొక్కేటప్పుడే చప్పుడొస్తుందా, తొక్కడం ఆపినా వస్తుందా?

పెద్ద కోడలు: వాలులో తొక్కడం ఆపినా వస్తానే ఉంది.

చిన్న కోడలు: అట్లయితే పెడలుది కాదు, చైనుది కాదు. అవి అయితే తొక్కడం ఆపగానే ఆగిపోవాల. ఇది చక్రంలోదే. మరి బుట్ట ఉన్నప్పుడు ఎక్కువా, లేనప్పుడు ఎక్కువా?

పెద్ద కోడలు: బుట్ట నిండా ఉన్నప్పుడే ఎక్కువ. వట్టి సైకిల్ అయితే అంతగా లేదు.

చిన్న కోడలు: అయితే పుల్లలే అయ్యుంటాయి. స్టాండు వెయ్యి. చూడు, చక్రం గాల్లో తిప్పితే చప్పుడు లేదు. అంటే మడ్‌గార్డు తగలడం లేదు. ఇప్పుడు ఈ రెండు పుల్లల్ని కలిపి పిడికిట్లో నొక్కు.

పెద్ద కోడలు: గట్టిగానే ఉన్నాయి.

చిన్న కోడలు: పక్కవి నొక్కు. తర్వాతవి.

పెద్ద కోడలు: ఓయమ్మ! ఇది చూడు, పాత నులక మాదిరి ఊగుతా ఉంది! నొక్కితే కిర్రుమంది!

చిన్న కోడలు: దొరికింది దొంగ. దానికి ఈ ఎర్ర దారం కట్టు. ఇంకా ఉన్నాయేమో చూద్దాం.

చుట్టూ చూశారు. ఎడమ వైపున మూడు పుల్లలు వదులుగా దొరికాయి. మూడింటికీ దారం కట్టారు.

పెద్ద కోడలు: నాలుగు రోజులు ఊరికే చైనుకు నూనె పోసినానే!

చిన్న కోడలు: చైనుకు పోసిన నూనె వృథా పోదులే అక్కా. పద, ఇక బిగిద్దాం.

చప్పుడును బట్టి కారణం

చిన్న కోడలు ఏం చేసింది? ముందు అడిగింది. తర్వాత చూసింది. ఆ తర్వాతే చెయ్యి వేసింది. మీరూ అట్లాగే చెయ్యండి.

తొక్కితేనే వస్తుంది, ఆపితే ఆగిపోతుంది – పెడలు, చైను, లేదా పెడలు కడ్డీలు చూడాలి.

తొక్కడం ఆపినప్పుడు మాత్రమే వెనక నుంచి సన్నగా టకటకమంటుంది – అది ఫ్రీవీలు చప్పుడు. అది జబ్బు కాదు.

చక్రం గాల్లో తిప్పినా వస్తుంది – ఏదో తగులుతోంది. మడ్‌గార్డు, దాని కడ్డీ, బ్రేకు రబ్బరు, చిక్కుకున్న గడ్డి, తీగ, గుడ్డపీలిక చూడాలి.

చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకేసారి టక్కుమంటుంది – పిల్లలు పుల్లలకు తగిలించిన పూసలు, గాలి కొట్టే వాల్వు దగ్గర వదులైన బిళ్ల చూడాలి. ఒకే ఒక పుల్ల వదులైనా ఇట్లాగే వస్తుంది.

గరగరమంటుంది, చక్రాన్ని పక్కకు కదిపితే ఊగుతుంది – హబ్బు లోపలి గుళ్లు అరిగి ఉండవచ్చు. ఇది షాపు పని.

మనిషి ఎక్కితేనే, బరువు వేస్తేనే కిర్ కిర్, టిక్ టిక్ – ఇది పుల్లల చప్పుడు.

వదులు పుల్లను పట్టుకోవడానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది, చేత్తో నొక్కడం. ఒకే వైపున పక్కపక్కనే ఉన్న రెండు పుల్లల్ని కలిపి పిడికిట్లో నొక్కాలి. వాల్వు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్లీ వాల్వు దగ్గరకు రావాలి. అప్పుడు ఏదీ తప్పిపోదు.

రెండోది, వేలితో మీటడం. తంబూర తీగను మీటినట్టు పుల్లను మీటండి. బిగువు పుల్ల "టింగ్" అంటుంది. వదులు పుల్ల "టప్" అంటుంది. కుడి పుల్లల్ని కుడి పుల్లలతోనే పోల్చాలి. ఎడమవాటిని ఎడమవాటితోనే పోల్చాలి. వెనక చక్రంలో ఫ్రీవీలు ఉన్న వైపు పుల్లల బిగువు మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. అది తప్పు కాదు.

బాగుచెయ్యడం ఎట్లా?

కావలసినవి: పుల్లలు బిగించే చిన్న పానా, పాత గుడ్డ, కుట్టుమిషను నూనె, రంగు దారం, ఒక చీపురు ఈనె.

పుల్లల పానా సైకిల్ సామాను అమ్మే షాపులో దొరుకుతుంది. గుండ్రంగా ఉండి అంచున గాట్లు ఉంటాయి. నిప్పిల్‌కు సరిగ్గా పట్టే గాటునే వాడాలి. పెద్ద గాటు పెడితే జారి నిప్పిల్ మూలలు అరిగిపోతాయి. కటింగ్ ప్లేయరుతో తిప్పినా అంతే. అరిగిన నిప్పిల్‌ను మళ్లీ తిప్పడం కష్టం.

మొదటి పని: తుడవండి. సైకిల్‌ను తలకిందులుగా పెట్టండి. సీటు, హ్యాండిల్ కింద గోనెపట్టా వెయ్యండి. పుల్లలు దాటే చోట, నిప్పిళ్ల దగ్గర మట్టి, తుప్పు గుడ్డతో తుడవండి. ఒక్కోసారి చప్పుడు ఇంతటితోనే పోతుంది.

రెండో పని: నూనె చుక్క వెయ్యండి. పుల్లలు ఒకదాన్నొకటి దాటే చోట ఒక చుక్క, పుల్ల నిప్పిల్‌లోకి దూరే చోట ఒక చుక్క చాలు. ఎక్కువైతే వెంటనే తుడిచెయ్యండి. రిమ్ము మీద బ్రేకు రబ్బరు తాకే చోట నూనె అంటకూడదు. అంటితే బ్రేకు పట్టదు. ప్రాణాల మీదికి వస్తుంది. కడ్డీ బ్రేకులున్న పెద్ద సైకిళ్లలో రబ్బరు రిమ్ము లోపలి వైపున, నిప్పిళ్లకు పక్కనే తాకుతుంది. కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త. వంట నూనె వాడకండి. అది కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టేస్తుంది. నిప్పిల్ తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చెయ్యకండి. నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలెయ్యండి.

మూడో పని: గాలి తియ్యండి. పుల్లను బిగించేకొద్దీ దాని కొస ట్యూబు వైపుకు జరుగుతుంది. గాలి నిండుగా ఉంటే ట్యూబుకు గుచ్చుకుని పంచరు కావచ్చు. పని అయ్యాక మళ్లీ గాలి కొట్టుకోవచ్చు.

నాలుగో పని: బిగించండి. ఎటు తిప్పాలన్నది చాలామందిని తికమక పెడుతుంది. తేలిక దారి ఇది. దారం కట్టిన పుల్లను చక్రం పైభాగానికి తెచ్చుకోండి. టైరు మీద నుంచి కిందికి చూడండి. పుల్ల ఒక సీసా అనుకోండి. నిప్పిల్ దాని మూత అనుకోండి. సీసా మూతను బిగించడానికి ఎటు తిప్పుతారో అటే తిప్పండి. అంటే గడియారం ముల్లు తిరిగే వైపు.

ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే తిప్పండి. రొట్టెను నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క పావు. అంతే తిప్పాలి. తిప్పాక పుల్లను మీటి చూడండి. పక్కవాటితో సమానంగా పలికితే ఆపండి. లేకపోతే ఇంకో పావు చుట్టు. తొందర పడకండి. కూరలో ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం కదా! ఇదీ అంతే.

ఐదో పని: చక్రం వంకర చూడండి. చక్రం పక్కనున్న ఫోర్కు కాలికి చీపురు ఈనెను కట్టండి. ఈనె కొస రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఉండాలి. చక్రాన్ని మెల్లగా తిప్పండి. రిమ్ము, ఈనె మధ్య సందు అంతటా ఒకేలా ఉంటే చక్రం సూటిగా ఉన్నట్టు. ఒకచోట రిమ్ము ఈనెకు తగిలితే అక్కడ వంకర ఉంది.

రిమ్ము కుడికి జరిగిందా? ఆ చోట ఎడమ పుల్లల్ని పావు చుట్టు బిగించండి. అక్కడే ఉన్న కుడి పుల్లల్ని పావు చుట్టు వదులు చెయ్యండి. ఎడమకు జరిగితే దీనికి తిరగేసి చెయ్యండి. ఇంతకుముందు చదివింది గుర్తుందా? కుడి పుల్ల కుడికి లాగుతుంది. ఎడమ పుల్ల ఎడమకు లాగుతుంది. తాడులాట లాంటిదే ఇది. షాపులో దీన్నే బెండు తియ్యడం అంటారు.

ఆరో పని: చివరగా చుట్టూ ఉన్న పుల్లల్ని రెండేసి చొప్పున పిడికిట్లో గట్టిగా నొక్కండి. సర్దుకోని పుల్లలు సర్దుకుంటాయి. టిక్ టిక్‌మని కొన్ని పలుకుతాయి. భయపడకండి. తర్వాత మరోసారి మీటి చూడండి. గాలి కొట్టండి. ముందు బరువు లేకుండా వీధిలో ఒక చుట్టు తొక్కి రండి. తర్వాతే బుట్ట ఎత్తుకోండి.

జాగ్రత్త! నిప్పిల్ చాలా గట్టిగా అనిపిస్తే ఆపెయ్యండి. అతిగా బిగిస్తే రిమ్ము చిల్లు దగ్గర చీలుతుంది. చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు పుల్లల మధ్య వేలు పెట్టకండి. మరమ్మతు చేసేటప్పుడు చంటిపిల్లల్ని దూరంగా ఉంచండి. కొంగు నడుముకు దోపుకోండి.

దారిలో పుల్ల విరిగితే?

ఆగండి. దిగండి. విరిగిన పుల్ల ఊగుతూ చైనులోనో కడ్డీలోనో చిక్కుకుంటే చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. మనిషి పడిపోతుంది. కాబట్టి విరిగిన ముక్క ఊడివస్తే తీసెయ్యండి. ఊడిరాకపోతే పక్క పుల్లకు దారంతోనో గుడ్డపీలికతోనో గట్టిగా కట్టెయ్యండి. బరువు దించి, సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లడం మంచిది.

విరిగిన ముక్కల్ని పారెయ్యకండి. షాపుకు తీసుకెళ్లండి. ముందు చక్రం పుల్ల, వెనక చక్రం పుల్ల పొడవులో తేడా ఉండవచ్చు. పాతదానితో కొలిచి అదే పొడవు పుల్ల వెయ్యాలి.

షాపుకు ఎప్పుడు వెళ్లాలి?

ఈ కింది వాటిలో ఏది కనిపించినా షాపుకు తీసుకెళ్లండి.
– పుల్ల విరిగినప్పుడు. వెనక కుడి వైపున విరిగితే కొత్తది వెయ్యడానికి సాధారణంగా ఫ్రీవీలు విప్పాలి.
– రిమ్ము చీలినప్పుడు, సొట్ట పడినప్పుడు.
– బిగించిన పుల్లలే వారం తిరక్కుండా మళ్లీ మళ్లీ వదులవుతున్నప్పుడు.
– చక్రం పక్కకు ఊగుతున్నప్పుడు.

షాపులో "ఏదో చప్పుడు వస్తోంది, చూడన్నా" అని ఊరుకోకండి. మీరు చూసింది చెప్పండి. "అన్నా, వెనక చక్రంలో ఎడమ వైపు మూడు పుల్లలు వదులయ్యాయి. దారం కట్టి తెచ్చాను. అవి బిగించి బెండు తియ్యి. ఎంత తీసుకుంటావు?" అని అడగండి. పని మొదలుపెట్టక ముందే ధర అడగండి. పుల్లలు మారిస్తే పాతవి చూపించమనండి. చక్రమంతా కొత్తది వెయ్యాలంటే ఎందుకో అడగండి. సంగతి తెలిసిన మనిషికి సమాధానం తెలిసినట్టే వస్తుంది.

పసి కాళ్లు, చీర కొంగులు

పుల్లల పాఠంలో ఈ మాట చెప్పకపోతే పాఠం పూర్తి కాదు.

సైకిల్ వెనక కూర్చున్న పిల్లల మడమ తిరిగే పుల్లల్లో పడితే చర్మం ఊడివస్తుంది. ఎముక కూడా విరగవచ్చు. క్యారియర్ మీద పిల్లను ఊరికే కూర్చోబెట్టకండి. కాళ్లు పెట్టుకునే చోటు ఉండాలి. చక్రం పక్కన జాలీ లాంటి అడ్డు బిగించుకోవాలి. పైకి చిన్న దెబ్బలా కనిపించినా ఆసుపత్రిలో చూపించాలి. పసుపు అద్ది ఊరుకోకూడదు.

చీర కొంగు, చున్నీ వేలాడితే పుల్లలు లాక్కుంటాయి. చున్నీ మెడకు చుట్టుకుని ఉంటే ప్రాణానికే ముప్పు. కొంగు దోపుకోండి. చున్నీని వెనక ముడి వేసుకోండి. శారీ గార్డు ఉంటే ఊడకుండా చూసుకోండి.

పుదుక్కోట్టై అక్కచెల్లెళ్లు

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యత ఉద్యమం సాగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువుతోపాటు ఆడవాళ్లకు సైకిల్ తొక్కడం కూడా నేర్పాలని ఆమె పూనుకున్నారు. అక్షరాలు అప్పుడే నేర్చుకున్న పల్లెటూరి ఆడవాళ్లు వేల సంఖ్యలో సైకిల్ నేర్చుకున్నారు. పొలం కూలీలు, రాతి గనుల్లో పనిచేసేవాళ్లు, పల్లెల్లో తిరిగే నర్సులు అందరూ వాళ్లలో ఉన్నారు.

మొదట్లో ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. కూడని మాటలు అన్నవాళ్లూ ఉన్నారు. అయినా ఆ ఆడవాళ్లు ఆపలేదు. ఆడవాళ్ల సైకిళ్లు చాలకపోతే మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. వాటికి ముందు కడ్డీ ఉంటుంది గదా, దాని మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయి. పత్రికా రచయిత పి. సాయినాథ్ ఈ సంగతులన్నీ రాశారు.

సైకిల్ వచ్చాక వాళ్లకు ఏం ఒరిగింది? బస్సు కోసం ఎదురుచూడడం తగ్గింది. సరుకు అమ్ముకోవడానికి ఎక్కువ ఊళ్లు తిరగగలిగారు. నీళ్లు తేవడానికి పట్టే సమయం కలిసొచ్చింది. "నన్ను ఫలానా చోట దింపు" అని మగవాళ్లను అడిగే పని తప్పింది.

2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. బడి దూరమని చదువు ఆపేసే పిల్లలు మానకుండా ఉండడానికి అది సాయపడింది.

సైకిల్ తొక్కడం వస్తే సగం దారి వచ్చినట్టు. దాని చప్పుడు అర్థమైతే మిగతా సగం వచ్చినట్టు. పానా పట్టుకోవడానికి మగ చెయ్యి, ఆడ చెయ్యి అని తేడా లేదు. నులక బిగించే చెయ్యి, జల్లెడ పట్టే చెయ్యి, పిండి పాకం వేలితో చూసి చెప్పే చెయ్యి పుల్ల బిగువు చెప్పలేదా?

కొత్త మాటలు

హబ్బు – చక్రం నడుమ ఉండే భాగం
రిమ్ము – చక్రం బయటి ఇనప కట్టు
నిప్పిల్ – పుల్లను బిగించే చిన్న మూత
పానా – నిప్పిళ్లు, నట్లు తిప్పే పనిముట్టు
బెండు తియ్యడం – చక్రం వంకర సరిచెయ్యడం
బిగువు – గట్టిగా లాగి ఉండడం

చదివి జవాబు చెప్పండి

1. వెనక చక్రానికి పుల్లలు ఎందుకు ఎక్కువ?
2. తొక్కడం ఆపగానే చప్పుడు ఆగిపోతే దేన్ని చూడాలి?
3. వదులు పుల్లను ఏయే రెండు విధాలుగా కనిపెట్టవచ్చు?
4. పుల్లలు బిగించే ముందు గాలి ఎందుకు తియ్యాలి?
5. రిమ్ము ఎడమకు జరిగితే ఏ వైపు పుల్లల్ని బిగించాలి?

ఖాళీలు నింపండి

1. పుల్లను బిగించాలంటే ______ను తిప్పాలి.
2. ఒక్కసారికి ______ చుట్టు మాత్రమే తిప్పాలి.
3. బ్రేకు రబ్బరు తాకే చోట ______ అంటకూడదు.

లెక్క చెయ్యండి

1. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 పుల్లలు. మొత్తం ఎన్ని?
2. కిలోమీటరుకు చక్రం 450 సార్లు తిరుగుతుంది. సంత 6 కిలోమీటర్ల దూరంలో ఉంది. పోయేటప్పుడు ఎన్నిసార్లు తిరుగుతుంది? పోయి వస్తే ఎన్నిసార్లు?
3. ఒక పుల్ల 6 రూపాయలు, బెండు తీసిన కూలి 50 రూపాయలు అనుకుందాం. మూడు పుల్లలు వేయించారు. 100 రూపాయల నోటు ఇచ్చారు. ఎంత తిరిగి రావాలి?

చేసి చూడండి

ఈ వారం మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న సైకిల్‌ను నలుగురు కలిసి చూడండి. పుల్లలు లెక్కపెట్టి రాయండి. చుట్టూ మీటి చూడండి. వదులు పుల్లలు ఎన్నో, ఏ వైపు ఉన్నాయో మీ చేత్తో కాగితం మీద రాయండి. వచ్చే క్లాసుకు ఆ కాగితం తీసుకురండి. నలుగురూ డబ్బు కలుపుకుంటే వాడకు ఒక పానా కొనుక్కోవచ్చు. అందరికీ పనికొస్తుంది.